శ్రీశైలం డ్యామ్ కింద ఆ గొయ్యి సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పండి

నల్లమల_నీడ
మొన్న గేట్లు ఎత్తినారని అమ్మను, పిల్లల్ని తీసుకుని శ్రీశైలం పోయినాం. వ్యూ పాయింట్ దగ్గర తుంపర మొహానికి కొడతాంది. పక్క మనిషి మాట వినపడదు, చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. జనమంతా సెల్ఫీల్లో ఉంటే మా అమ్మ మాత్రం కమ్మీ పట్టుకుని కిందికే చూస్తా నిలబడింది. "ఇన్ని నీళ్లు ఇన్నేండ్ల నుంచి అదే చోట పడతాంటే కింద రాయి మిగిలి ఉంటాదా రా?" అనింది. నా దగ్గర జవాబు లేదు.
ఇంటికొచ్చినాక చదువుతా కూర్చున్నా. ప్లంజ్ పూల్ అంట, పెద్ద గొయ్యి పడిందంట, డ్యామ్ వైపు వస్తాందంట. ఇంకోచోట ఏం కాదు, అంతా భద్రం అని ఉంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేస్తే 1981కి పూర్తయిన డ్యామ్ ఇది. నలభై ఏండ్లు దాటింది. ఇందులో నిజమెంత, భయపెట్టేదెంత? ఈ పని తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు, అందుకే అడుగుతున్నా.

నిప్పు_నిజం
నిజం ఏంటంటే అది 2009లోనే పోవాల్సింది, మన అదృష్టం కొద్దీ నిలబడింది. అది తెగితే సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ వరసగా పోతాయి. 1979లో గుజరాత్‌లో మచ్ఛు డ్యామ్ తెగి మోర్బీ ఊరు ఏమైందో చదువుకోండి. ఎవరూ చెప్పరు, చెప్తే ఉద్యోగాలు పోతాయి.

పాత_ఇంజినీరు
నిప్పు_నిజం గారూ, మచ్ఛు మట్టికట్ట. నీళ్లు కట్ట పైనుంచి పొర్లాయి, మట్టి కోసుకుపోయింది. మట్టికట్ట మీదుగా నీళ్లు పోతే గంటల్లో కథ ముగుస్తుంది. శ్రీశైలం గ్రావిటీ డ్యామ్, అంటే తన బరువుతోనే నీటిని ఆపుతుంది. పునాది నుంచి 145 మీటర్ల ఎత్తు, 512 మీటర్ల పొడవు. 2009 అక్టోబరులో నిండు మట్టం 885 అడుగులైతే నీరు 896 దాటింది. అంత ఒత్తిడిలోనూ కదల్లేదు. రెండిటినీ ఒకే గాటన కట్టొద్దు.

అలాగని నిశ్చింతగా ఉండమని నేననను. గ్రావిటీ డ్యామ్‌కు జబ్బు పైనుంచి రాదు, కాళ్ల దగ్గర మొదలవుతుంది. ఒకటి, పునాది కిందికి చేరిన నీరు డ్యామ్‌ను పైకి నెడుతుంది. ఆ ఒత్తిడి తగ్గించడానికే గ్యాలరీల్లో, అంటే డ్యామ్ లోపలి సొరంగాల్లో, డ్రెయిన్ రంధ్రాలు వేస్తాం. అవి పూడుకుపోతే డ్యామ్ బరువు ఆ మేరకు తగ్గినట్టే. రెండు, డ్యామ్ దిగువ పాదం దగ్గర రాయి కోసుకుపోతే ఆనుకోవడానికి అండ ఉండదు. నల్లమల_నీడ గారి అమ్మగారు అడిగింది సరిగ్గా ఈ రెండోదే. నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత సూటిగా అడిగిన సందర్శకుల్ని చూడలేదు. ఆమెకు నా నమస్కారం చెప్పండి.

అడుగుతా_అంతే
ఆ గొయ్యి ఎందుకు పడుతుంది సార్? కట్టేటప్పుడు తెలీదా?

పాత_ఇంజినీరు
తెలుసు. తెలిసే కట్టారు. స్పిల్‌వే, అంటే గేట్ల నుంచి వదిలిన నీరు జారే వాలు, దాని చివర పైకి వంగి ఉంటుంది, జారుడుబల్ల చివర కాస్త ఎత్తి పెట్టినట్టు. దాన్ని ఫ్లిప్ బకెట్ అంటాం. పైనుంచి దూసుకొచ్చిన నీరు అక్కడ ఎగిరి, డ్యామ్‌కు దూరంగా పడుతుంది. పాదం దగ్గర పడకుండా దూరంగా విసరడమే దాని పని. పడిన చోట రాయి ఎంత గట్టిదైనా పగుళ్లు ఉంటాయి కదా, నీటి ఒత్తిడి ఆ పగుళ్లలోకి దూరి రాతి దిమ్మల్ని లోపలి నుంచి పెకలిస్తుంది. అక్కడ ఉన్నది క్వార్ట్‌జైట్, మధ్య మధ్య మెత్తటి షేల్ పొరలు. మెత్తటి పొర కొట్టుకుపోతే పైన ఉన్న గట్టి రాయికి ఆసరా పోయి అదీ కూలుతుంది. కొంత లోతు అయ్యాక గొయ్యిలోని నీరే మెత్తటి పరుపులా పనిచేస్తుంది, కోత నెమ్మదిస్తుంది. కాబట్టి గొయ్యి పడటం వింత కాదు. అది లోతుకు పోతోందా, వెనక్కి డ్యామ్ వైపు వస్తోందా అన్నదే చూడాలి.
దాన్ని ఆపడానికే ఆప్రాన్, అంటే డ్యామ్ పాదం దిగువన పరిచిన కాంక్రీటు, దాని అంచున ఉక్కు సిలిండర్లు దింపి కాంక్రీటు నింపారు. తర్వాతి వరదల్లో వాటిలో కొన్ని దెబ్బతిన్నాయి. దాచిన విషయమేమీ కాదు, కమిటీలన్నీ చెప్పిందే.

నిప్పు_నిజం
మరి అదే కదా నేను అంటున్నది! కమిటీల మీద కమిటీలు, పని మాత్రం సున్నా.

పాత_ఇంజినీరు
మీరు అన్నది "పోవాల్సింది" అని. నేను అంటున్నది "చికిత్స చేయాల్సింది" అని. రెండిటికీ చాలా తేడా ఉందండీ. చికిత్స ఆలస్యం అవుతోందన్న మాటలో మాత్రం మీతో ఏకీభవిస్తాను.

లెక్కల_మాస్టారు
ఇలాంటి గొయ్యి మనకొక్కరికే లేదు. ఆఫ్రికాలో జాంబెజీ నది మీద కరీబా డ్యామ్ 1959లో పూర్తయింది. దాని గేట్ల కింద గొయ్యి సుమారు 80 మీటర్ల లోతు అయింది. ఇటీవలి ఏళ్లలో అక్కడ అడ్డుకట్ట కట్టి, గొయ్యిలోని నీళ్లు తోడి, రాయిని చెక్కి గొయ్యి ఆకారమే మార్చే పని పెట్టుకున్నారు. ఆకారం మారిస్తే నీటి దెబ్బ డ్యామ్ వైపు కాకుండా దిగువకు మళ్లుతుందని. జాంబియా, జింబాబ్వే రెండు దేశాల ఉమ్మడి డ్యామ్ అది. రెండు దేశాలు కూర్చుని చేసుకోగలిగినప్పుడు రెండు రాష్ట్రాలు చేసుకోలేవా?

పాలమూరు_బిడ్డ
మాస్టారు, మాట మంచిగనే ఉంది. కానీ డ్యామ్ నిర్వహణ ఆంధ్రప్రదేశ్ చేతిల ఉన్నది. ఎడమ గట్టు పవర్‌హౌస్ మాది, కుడి గట్టుది వాళ్లది. సాగర్ నిర్వహణ మా దిక్కు. ఎవరి చేతిల ఉన్నది వాళ్లు సక్కగ చూసుకోవాలె గద.

కృష్ణా_డెల్టా
ఖర్చులో వాటా ఇవ్వకుండా చక్కగా చూసుకోమంటే ఎలాగండీ? నీళ్లు, కరెంటు ఇద్దరూ వాడుకుంటున్నారుగా.

పాలమూరు_బిడ్డ
వాటా ఎవరు ఎంత ఇచ్చిన్రో కాయితాలు వెట్టు అన్నా, మాట్లాడుకుందాం.

మోడరేటర్
నీటి వాటాల చర్చకు వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ డ్యామ్ భద్రత వరకే. ఇద్దరి పోస్టులూ ఉంచుతున్నాను, తర్వాతవి తీసేస్తాను.

హంద్రీ_ఒడ్డు
2009 గురించి అందరూ డ్యామ్ నిలబడింది, నిలబడింది అంటున్నారు. నిలబడింది, నిజమే. మేం మునిగినాం. ఆ మాట కూడా ఎవరైనా రాయాలి కదా, అందుకే రాస్తున్నా.
మాది కర్నూలు. అక్టోబరు 2, గాంధీ జయంతి, స్కూల్ సెలవు. మధ్యాహ్నం అన్నాలు తింటాంటే వీధిలో ఎవరో నీళ్లొస్తున్నాయి పొండి పొండి అని అరుసుకుంటా పోయినారు. మా నాయన నమ్మలేదు. కాలవ పొంగిందేమోలే అనుకున్నాడు. గంటలో గడప దాటింది. కుట్టుమిషను మంచం మీదికి ఎత్తినాం, బియ్యం మూట దాని మీద పెట్టినాం. మంచమే తేలింది. మిద్దె మీద రెండు రాత్రులు ఉన్నాం, పదిహేడు మందిమి, ఒక బిందె నీళ్లతో. నా పదో తరగతి సర్టిఫికెట్ బురదలో దొరికితే ఎండబెట్టినాం. అక్షరాలన్నీ కారిపోయి నా పేరు ఒక్కటే మిగిలింది. ఇప్పటికీ ఆ గోడకు ఎన్నిసార్లు సున్నం కొట్టినా రెండో వానాకాలానికి ఆ గీత బయటపడతాది. ఏడడుగుల మీద.
డ్యామ్ కింద ఉన్నోళ్లకే ప్రమాదం అనుకుంటారు. పైన ఉన్నోళ్ల సంగతి?

నల్లమల_నీడ
అక్కా, చదువుతాంటే మాట రాలేదు. మేము అప్పుడు నంద్యాలలో ఉన్నాం, టీవీలో చూసినాం అంతే.

నిప్పు_నిజం
ముందే గేట్లు ఎత్తి ఖాళీ చేసి ఉంటే కర్నూలు మునిగేది కాదు. అప్పుడే అందరూ అన్నారు ఈ మాట.

లెక్కల_మాస్టారు
దీనికి లెక్క వేసి చూద్దాం, ఆవేశం వద్దు.
లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. ఆ రోజు తీవ్రస్థాయిలో వచ్చింది సుమారు 25 లక్షల క్యూసెక్కులు. స్పిల్‌వే సామర్థ్యం 13 లక్షల పైచిలుకు. అంటే తేడా 11, 12 లక్షలు. రోజుకు ఇంచుమించు వంద టీఎంసీలు ఎక్కడో ఒకచోట నిలవాలి. మట్టాన్ని 885 బదులు 875 దగ్గర ఉంచి ఉంటే మిగిలే చోటు సుమారు 50 టీఎంసీలు. అంటే దాదాపు పన్నెండు గంటలు. వరద ఆగదు, కానీ పన్నెండు గంటలు దొరుకుతాయి.

హంద్రీ_ఒడ్డు
పన్నెండు గంటలు అంటే తక్కువనా మాస్టారూ? మాకు గంట దొరికింది. పన్నెండు గంటలుంటే మా వీధిలో అందరూ గట్టెక్కేవాళ్లు, సామాన్లతో సహా.

లెక్కల_మాస్టారు
లేదమ్మా, తక్కువ అని కాదు. నేను రాసిన తీరే బాగాలేదు. పన్నెండు గంటలు చాలా ఎక్కువ. అయితే ఒకటి, తుంగభద్ర, హంద్రీ సొంత వరద కూడా ఆ రోజు మీ ఊరి మీదికి వచ్చింది. మొత్తం శ్రీశైలం వెనక జలాల మీదే వేయలేం.

పాత_ఇంజినీరు
దీనికి పూడికను కూడా కలపండి. కట్టినప్పుడు జలాశయం సామర్థ్యం 308 టీఎంసీలు. ఇప్పుడు లెక్కలో ఉన్నది 215.8. తొంభై రెండు టీఎంసీల చోటు మట్టి ఆక్రమించింది. అది విడిగా ఒక పెద్ద ప్రాజెక్టుకు సమానం. వరదను కాసేపు పట్టి ఉంచే కడుపు అంత చిన్నదైంది. డ్యామ్ ముసలిదవడం అంటే కాంక్రీటు ముసలిదవడం ఒక్కటే కాదు.

అడుగుతా_అంతే
తుంగభద్రలో గేటు కొట్టుకుపోయినట్టు ఇక్కడ కూడా పోతుందా? అది కూడా పాతదే కదా.

గేటు_దగ్గర
దీనికి నేను చెప్తాను. మా నాన్న ఒక మధ్యతరహా ప్రాజెక్టులో లష్కర్‌గా, అంటే గేట్లు చూసుకునే మనిషిగా చేసి రిటైరయ్యారు, నేను చిన్నప్పటి నుంచి గేట్ల దగ్గరే పెరిగాను. ఇప్పుడు నేను గేట్ల మరమ్మతుల కాంట్రాక్టు పనుల్లో ఉన్నాను.
తుంగభద్రవి నిలువుగా లేచే గేట్లు, గొలుసుతో. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగింది. డ్యామ్ 1953 నాటిది. నిండుగా ఉన్న నీటిలో, పారుతున్న ప్రవాహంలోనే గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో స్టాప్‌లాగ్, అంటే తాత్కాలికంగా అడ్డుపెట్టే ఉక్కు పలక, దించారు. ఆ పని ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. నేను ఆ వారం రోజులూ ఫోన్ చేతిలోంచి దించలేదు. మరుసటి ఏడు పూర్తిగా నింపకుండా 80 టీఎంసీల దగ్గరే ఆపారు, మిగతా గేట్లనూ నమ్మలేక.
శ్రీశైలంలో ఉన్నవి పన్నెండు రేడియల్ గేట్లు. ఒక్కోటి 60 అడుగుల వెడల్పు, 55 అడుగుల ఎత్తు. వంపు తిరిగిన పలక, వెనక రెండు చేతులు, ఆ చేతులు కలిసే చోట ట్రనియన్ పిన్ను. దాని మీదే గేటు తిరుగుతుంది. ఇనుప రోపులతో ఎత్తుతారు. గొలుసు తెగే ప్రమాదం ఇక్కడ లేదు. కానీ దీని జబ్బులు దీనికున్నాయి.

అడుగుతా_అంతే
ఏంటవి?

గేటు_దగ్గర
పిన్ను దగ్గర తుప్పు. 1995 జూలైలో అమెరికాలో ఫోల్సమ్ డ్యామ్‌లో మూడో నంబరు గేటు ఎత్తుతుండగానే విరిగిపోయింది. అదీ రేడియల్ గేటే. పిన్ను తుప్పుపట్టి రాపిడి పెరిగింది, చేతుల మధ్య బిగింపు కడ్డీ ఆ భారం మోయలేక వంగింది.  తుప్పు లోపల, కంటికి కనపడని చోట. మన పులిచింతలలో 2021 ఆగస్టులో కొట్టుకుపోయిన 16వ గేటు కూడా రేడియల్ గేటే. అదేం పాత ప్రాజెక్టు కూడా కాదు. వయసు కంటే నిర్వహణ ముఖ్యం అనేది అందుకే.
రోపుల సంగతి. మా నాన్న చేత్తో దూది వేస్టు పట్టుకుని రోపు పొడుగునా పైనుంచి కిందికి మెల్లగా జార్చేవాడు. ఎక్కడైనా ఒక తీగ తెగి ఉంటే దూది పోగు అక్కడ చిక్కుకుంటుంది. అక్కడ సుద్దతో గుర్తు. మూరకు ఎన్ని గుర్తులో లెక్క రాసి పైవాళ్లకు ఇచ్చేవాడు. గ్రీజు రాని ఏడాది సొంత డబ్బులతో కొని తెచ్చిన రోజులున్నాయి. ఎవరిని అడిగినా "బిల్లు పాస్ కాలేదు" అనేవాళ్లు. ఆ ప్రాజెక్టు పేరు చెప్పను. ఆయన రిటైరైనాక ఆ పోస్టు ఖాళీగా ఉండిపోయింది. నాకు అన్నిటికంటే భయం అదే. గొయ్యి గురించి కమిటీలైనా ఉన్నాయి, దూది పట్టుకునే మనిషి లేడు.

పాలమూరు_బిడ్డ
నీ పోస్టు చదివినంక మా కాకా యాదికొచ్చిండు అన్నా. ఆయన గూడ లష్కరే. గేటు మీద నడిస్తే చప్పుడుతోనే ఏ బోల్టు వదులైందో చెప్పెటోడు.

కృష్ణా_డెల్టా
లష్కర్ పోస్టులు భర్తీ చేయాలన్న మాటలో మాత్రం పాలమూరు తమ్ముడితో నాకు తగాదా లేదు.

పాలమూరు_బిడ్డ
గదీ మాటంటే. మోడరేటర్ గారు సంతోషపడుతరు.

టర్బైన్_హోరు
గేట్ల గురించి మాట్లాడేటప్పుడు కరెంటు గురించి కూడా మాట్లాడాలి. నేను ఒక జలవిద్యుత్ కేంద్రంలో ఆపరేషన్ విభాగంలో ఉన్నాను, ఎక్కడో అడగొద్దు. డ్యామ్ వేరు, పవర్‌హౌస్ వేరు అనుకుంటారు. వరద పూట రెండూ ఒకటే. శ్రీశైలంలో రెండు పవర్‌హౌస్‌లు పూర్తిగా నడిస్తే పోయేది సుమారు 65 వేల క్యూసెక్కులు. పది లక్షల వరదలో అది లెక్కలోకి రాదు. కానీ గేట్లు కదలాలంటే కరెంటు కావాలి. లైను పోతే డీజిల్ జనరేటర్ ఎత్తుకోవాలి. ఆ జనరేటర్ నెలకోసారి స్టార్ట్ చేసి చూస్తున్నారా, చూసినా భారం పెట్టి చూస్తున్నారా, ఊరికే తిప్పి ఆపేస్తున్నారా?

రష్యాలో సయానో-షుషెన్‌స్కాయా అని పెద్ద జలవిద్యుత్ కేంద్రం. 2009 ఆగస్టు 17న రెండో నంబరు టర్బైన్ పైకప్పు బోల్టులు అలసిపోయి తెగాయి. యూనిట్ అంతా పైకి లేచింది, నీళ్లు హాల్లోకి దూసుకొచ్చాయి. 75 మంది పోయారు. అంతకుముందు నుంచే దాని ప్రకంపనలు హద్దు దాటి ఉన్నాయి. కరెంటు పోయింది కాబట్టి నీళ్లు రాకుండా పై గేట్లను చేత్తో మూయాల్సి వచ్చింది. అప్పటికి కింద జరగాల్సింది జరిగిపోయింది.
మన దగ్గర 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో మంటలు. తొమ్మిది మంది బయటికి రాలేదు. భూగర్భంలో మంట కంటే పొగ ముందు చంపుతుంది. అప్పటి నుంచి నేను షిఫ్టులోకి వెళ్లగానే చేసే మొదటి పని, కళ్లు మూసుకుని కంట్రోల్ రూము నుంచి అత్యవసర ద్వారం దాకా గోడ పట్టుకుని నడవడం. అరవై రెండు అడుగులు. కొత్తగా వచ్చిన పిల్లలతో కూడా నడిపిస్తాను.

హంద్రీ_ఒడ్డు
అన్నా, మీరు నడిపిస్తున్న ఆ పిల్లల అమ్మానాన్నలకు ఈ సంగతి తెలిస్తే మీకు దండం పెడతారు.

నిప్పు_నిజం
నేను మొదట రాసింది కొంచెం ఎక్కువైందని ఒప్పుకుంటున్నా. కానీ నాకు కోపం ఎందుకంటే, ఈ విషయాలన్నీ మనం ఇక్కడ ఒకరినొకరం అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది. తనిఖీ నివేదిక ఎందుకు బయట పెట్టరు? నేను ఒక ప్రాజెక్టు మీద ఆర్టీఐ పెట్టాను. భద్రతా కారణాల వల్ల ఇవ్వలేం అని రెండు వాక్యాల జవాబు. గేటుకు ఎన్నడు రోపు మార్చారని అడిగితే దేశ భద్రత ఎలా అడ్డొస్తుంది?

పాత_ఇంజినీరు
మీ కోపం న్యాయమైనదే. చట్టం ఇప్పుడు గట్టిగానే ఉంది. డ్యామ్ భద్రతా చట్టం 2021 ఆ ఏడాది డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ తప్పనిసరి. అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారు చేయాలి, స్వతంత్ర నిపుణులతో సమగ్ర భద్రతా మదింపు చేయించాలి. వీటికి చట్టం వచ్చిన నాటి నుంచి ఐదేళ్ల గడువు. కాబట్టి అడిగే హక్కుకు ఆధారం ఉంది.

కానీ తనిఖీ అంటే ఏమిటో నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను, పేరు లేకుండా. ఒక డ్యామ్ గ్యాలరీలో ఊట నీటిని కొలిచే వీ-నాచ్ ఉండేది. గ్యాలరీలో ఎప్పుడూ చల్లగా, తడి సున్నం వాసన. గోడల మీద తెల్లగా పేరుకున్న సున్నం మైనం కారినట్టు ఉంటుంది. కాంక్రీటులోంచి కరిగి వచ్చేది అదే. నేను బదిలీ మీద వెళ్లి రిజిస్టర్ తెరిచాను. నలభై రోజులు ఒకే అంకె. దశాంశం కూడా మారలేదు. జలాశయం మట్టం ఆ నలభై రోజుల్లో పద్దెనిమిది అడుగులు పెరిగింది. మట్టం పెరిగితే ఊట మారకుండా ఉండదు. కిందికి దిగి చూస్తే వీ-నాచ్‌లో బురద నిండి ఉంది. ఎవరూ దిగలేదు. రెండు వందల ఎనభై మెట్లు, లైట్లు లేవు, ఎవరు దిగుతారు? ఆ కుర్రాణ్ని నేను తిట్టలేదు. ముందు లైట్లు వేయించాను, తర్వాత నేనే వారం రోజులు అతనితో దిగాను. ఎనిమిదో రోజు నుంచి అంకెలు మారడం మొదలైంది.
ఊట నీరు తేటగా వస్తే భయం లేదు. మసకగా వచ్చిందంటే లోపల ఏదో కొట్టుకొస్తోందని. ఆ తేడా సెన్సర్ కంటే ముందు గ్లాసులో పట్టిన నీరే చెబుతుంది.

లెక్కల_మాస్టారు
నలభై రోజులు ఒకే అంకె. ఈ ఒక్క మాట పెద్ద నివేదికల్లో కూడా దొరకదు.

లంక_రైతు
మేము అన్నిటికన్నా కింద ఉన్నవాళ్లం. ప్రకాశం బ్యారేజీ దిగువ లంక. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ లేదు. నేను డ్యామ్ బలం గురించి ఏం చెప్పలేను, మాకు చేరే కబురు గురించి చెప్తా. ఫోన్‌కు వస్తది, మొదటి ప్రమాద హెచ్చరిక, ఇన్ని లక్షల క్యూసెక్కులు అని. నాకు క్యూసెక్కు అర్థం కాదండీ. నా పాకలో గేదెలు ఉన్నయ్యి. నీళ్లు గేదె మెడ దాకా వస్తయ్యా, పాక కప్పు దాకా వస్తయ్యా, ఎన్ని గంటలకు వస్తయ్యి, అదీ నాకు కావాలి. మా ఊరి కుర్రోళ్లు పోయిన ఏడాది కరెంటు స్తంభానికి రంగు గీతలు కొట్టారు. ఐదు లక్షలకు ఇక్కడిదాకా, ఎనిమిదికి ఇక్కడిదాకా, పదకొండుకు ఇక్కడిదాకా. ఇప్పుడు మెసేజ్ రాంగానే ముసలోళ్లు కూడా స్తంభం వంక చూసి చెప్పేస్తున్నారు.

నల్లమల_నీడ
లంక_రైతు అన్నా, ఇది ప్రతి ఊర్లో చేయదగ్గ పని. స్తంభం ఫోటో ఉంటే పెట్టు.

లంక_రైతు
రేపు తీసి పెడతా. పైన గీత మీద సొరపాదు పాకింది, తీయించాలి.

అడుగుతా_అంతే
చివరగా ఒకటి. పన్నెండు గేట్లూ ఒకేసారి ఎత్తకుండా మధ్యవే ముందు ఎందుకు ఎత్తుతారు? అందం కోసమా?

గేటు_దగ్గర
కాదు తమ్ముడూ. చివరి గేట్లు ముందు ఎత్తితే నీరు గట్లను కొడుతుంది, కొండ చరియ కోసుకుపోతుంది. మధ్య నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ సమానంగా తెరవాలి. అందుకే తరచుగా 6, 7, 8 నంబర్లు ముందు ఎత్తారని వార్తల్లో వింటుంటావ్. ఒక గేటు మొరాయిస్తే ఈ వరస చెడుతుంది. నీరు ఒక పక్కకు ఒరిగి ఆ గొయ్యి కూడా ఒక పక్కే పెరుగుతుంది. గేటుకూ గొయ్యికీ సంబంధం ఉందనేది ఇందుకే.

పాత_ఇంజినీరు
బాగా చెప్పావు నాయనా. ఇది మా వాళ్లలో కూడా చాలామందికి విడమర్చి చెప్పాల్సి వచ్చేది.

నల్లమల_నీడ
రెండు రోజుల నుంచి అన్నీ చదివినా. అమ్మకు కూర్చోబెట్టి చెప్పినా. జారుడుబల్ల, పగుళ్లలో దూరే నీళ్లు, దూది వేస్టు, అన్నీ. మొత్తం విని, "అయితే దాన్ని ఇప్పుడు ఎవరు కొలుస్తాండారు?" అనింది.
అందుకే ఆర్టీఐ రాస్తున్నా. గొయ్యిని చివరిసారి నీటి అడుగున సర్వే చేసింది ఎప్పుడు, ఆప్రాన్ అంచు నుంచి గొయ్యి అంచు ఎంత దూరంలో ఉంది, అంతకుముందు సర్వేలో ఎంత దూరం, ఇది మొదటిది. పన్నెండు గేట్లకు రోపులు ఏ ఏడాది మార్చినారు, జనరేటర్‌ను భారంతో నడిపి చూసిన తేదీలు. లష్కర్ పోస్టులు ఎన్ని, అందులో ఖాళీ ఎన్ని. గ్యాలరీ ఊట కొలతలు గత మూడు వానాకాలాలవి. ఇంకేమైనా ఉంటే చెప్పండి.

నిప్పు_నిజం
నాకు వచ్చిన జవాబు మీకూ రాకుండా ఒక మాట చేర్చండి. ఏదైనా భాగం ఇవ్వలేకపోతే దాన్ని తీసేసి మిగతా భాగం ఇవ్వాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 10లో ఉంది. ప్రశ్నలన్నీ విడివిడిగా నంబర్లు వేసి అడగండి. నేను అన్నీ కలిపి ఒక పేరాలో అడిగి దెబ్బతిన్నా. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేయడం మరవొద్దు.

పాత_ఇంజినీరు
డ్రెయిన్ రంధ్రాలను చివరిసారి శుభ్రం చేసిన సంవత్సరం అడగండి. మొత్తం ఎన్ని, పనిచేస్తున్నవి ఎన్ని. దీనికి వచ్చే జవాబును బట్టి మిగతావన్నీ నేను చెప్పగలను.

టర్బైన్_హోరు
జనరేటర్ ప్రశ్నలో "ఎన్ని గేట్లను ఒకేసారి ఎత్తగలదు" అని కూడా రాయండి.

హంద్రీ_ఒడ్డు
అత్యవసర ప్రణాళిక గురించి అడిగినావా తమ్ముడూ? అందులో ఎగువ ఊర్లు ఉన్నాయా అని అడుగు. మట్టం 885 దాటి పైకి పోతే కర్నూలుకు ఎవరు, ఎన్ని గంటల ముందు, ఏ విధంగా చెప్తారు. ఈ ఒక్కటి నా పేరు మీద అడిగినట్టు అనుకో.

నల్లమల_నీడ
చేర్చినా అక్కా, మొదటి ప్రశ్నగా పెట్టినా. సోమవారం రిజిస్టర్ పోస్టులో పంపుతా, రసీదు ఫోటో ఇక్కడే పెడతా.